సాంచా బిడ్డలు

చిట్టితల్లికి,

అమ్మ దీవెనలు. పదకొండో శతాబ్దపు స్పెయిన్ వీరుడు రొడ్రీగో కథతో తీసిన 'ఎల్ సిద్' సినిమా చూసి నువ్వు ఫోనులో అంత ఆవేశంగా మాట్లాడుతుంటే ముచ్చట వేసింది. 1961లో వచ్చిన మూడు గంటల సినిమా నిన్ను కదలకుండా కూర్చోబెట్టిందంటే ఆ ఆంథొనీ మన్ దర్శకత్వం, ఆ చార్ల్‌టన్ హెస్టన్ నిలువెత్తు ఠీవి మామూలువి కావు. కానీ "అన్నిటికీ మూలం ఆ రాకుమారి ఉర్రాకాయే, ఆవిడ పుల్లలు పెట్టకపోతే అన్నదమ్ములు కలిసే ఉండేవారు" అన్నావే, ఆ మాట నాకు మింగుడు పడలేదు. తీరిగ్గా చెప్పాల్సిన సంగతి కాబట్టి ఉత్తరం రాస్తున్నాను.

సినిమాలో రాజు ఫెర్నాందోకు ముగ్గురే పిల్లలు. నిజానికి ఐదుగురు. అందరికన్నా పెద్దది ఉర్రాకా. తరువాత సాంచో, అల్ఫోన్సో, గార్సియా, వీళ్ళతో పాటు ఎల్విరా అనే మరో కూతురు. ఎల్విరా, గార్సియా తెర మీదికి రానేలేదు. ఇద్దరు తోబుట్టువులను తీసేస్తే ఇంటి గొడవ కాస్తా ఇద్దరు మగపిల్లల తగువుగా, మధ్యలో ఒక కుట్రదారు అక్కగా మిగిలిపోతుంది.

అసలు చిక్కుముడి వేసింది తండ్రి. రాజ్యాన్ని మూడు ముక్కలు చేశాడు. సాంచోకు కాస్తీల్, అల్ఫోన్సోకు లియోన్, గార్సియాకు గలీసియా. కూతుళ్ళకు మఠాల మీద హక్కులు ఇచ్చాడు, అదీ పెళ్ళి చేసుకోకుండా ఉంటేనే. సమోరా ఉర్రాకాకు, తోరో ఎల్విరాకు దక్కాయని కూడా చెబుతారు. వీటన్నిటిలో గౌరవం ఎక్కువ ఉన్నది లియోన్ సింహాసనానికి. దాన్ని పెద్ద కొడుకును కాదని రెండోవాడికి కట్టబెడితే సాంచో మనసు విరగదా? ఈ తండ్రికి తోబుట్టువుల పోరు ఎలా ఉంటుందో తెలియక కాదు. 1037లో తమరోన్ దగ్గర బావమరిది బెర్ముదోతో యుద్ధం చేశాడు, బెర్ముదో చనిపోయాడు. 1054లో అతపుయెర్కా దగ్గర సొంత అన్నతో తలపడ్డాడు, ఆ అన్నా అక్కడే ప్రాణం విడిచాడు. అన్నీ చూసినవాడే పిల్లలకు అదే ఆస్తి రాసిచ్చాడు.

నేను ఎన్నిసార్లు చదివినా ఆగిపోయేది వాళ్ళ అమ్మ సాంచా దగ్గర. తమరోన్‌లో చనిపోయిన బెర్ముదో ఆమె తోడబుట్టినవాడు. తోబుట్టువు ప్రాణం తీసిన యుద్ధంతోనే లియోన్ ఆమె భర్తకు దక్కింది. ఫెర్నాందో 1065 డిసెంబరులో పోయాడు. కొడుకులు వెంటనే కత్తులు దూయలేదు. సాంచా 1067 నవంబరులో కన్నుమూసింది. మరుసటి ఏడాది లాంతాదా దగ్గర సాంచో, అల్ఫోన్సో సేనలు ఢీకొన్నాయి. ఆ రెండేళ్ళు ఆమె ఏం చెప్పి వాళ్ళను ఆపిందో ఎవరూ రాసిపెట్టలేదు. మా అమ్మ ఉన్నంతకాలం నీ మామయ్యలు సంక్రాంతికి ఒకే పంక్తిలో కూర్చున్నారు. ఆవిడ పోయాక గట్టు తగాదా కోర్టు దాకా వెళ్ళింది. అందుకే నాకు ఆ తేదీలు ఉత్త అంకెలుగా కనిపించవు.

తరువాతిది నీకు కొంత తెలిసిన కథే. 1071లో అన్నలిద్దరూ ఒక్కటై చిన్నవాడు గార్సియా రాజ్యం లాక్కున్నారు. 1072 జనవరిలో సాంచో అల్ఫోన్సోను ఓడించి బందీ చేశాడు. అప్పుడు తమ్ముడి ప్రాణం కోసం అడ్డుపడింది ఉర్రాకాయే. అల్ఫోన్సో తొలెదోలోని ముస్లిం రాజు దగ్గర తలదాచుకున్నాడు. అక్టోబరులో సాంచో సమోరాను ముట్టడించి, కోట గోడల బయట హత్యకు గురయ్యాడు. చంపినవాడిగా వెయీదో దోల్ఫోస్ పేరు నిలిచింది. అక్క పంపిందని, కాదని తొమ్మిది వందల ఏళ్ళకు పైగా వాదులాడుతూనే ఉన్నారు. అతను పారిపోయి దూరాడని చెప్పే గోడ సందును ద్రోహద్వారం అనేవారు. సమోరా వాళ్ళు ఈ మధ్య దాని పేరు విధేయతా ద్వారంగా మార్చుకున్నారు. ముట్టడిలో చిక్కిన ఊరికి అతను ద్రోహి ఎలా అవుతాడు చెప్పు!

నిన్ను కదిలించిన ప్రమాణం ఘట్టం, సాంచో తరువాత రాజైన అల్ఫోన్సో చేత, అన్న హత్యలో తన చేయి లేదని రొడ్రీగో బైబిలు మీద ఒట్టు వేయించడం, ఆ కాలపు రాతల్లో ఎక్కడా లేదు. 13వ శతాబ్దంలో గానీ కనిపించదు. రొడ్రీగో శవాన్ని గుర్రానికి కట్టి యుద్ధానికి పంపడమూ తరువాతి కల్పనే. 1099లో ఆయన తాను గెలిచిన వలెన్సియాలోనే కన్నుమూశాడు. ఆ రెండు ఘట్టాలూ నాకు ప్రాణం, వాటిని తక్కువ చేసి మాట్లాడను. కానీ ఆ వీరుడి వెలుగులో గార్సియా కనబడకుండా పోవడం మాత్రం బాధగా ఉంటుంది. 1073లో అల్ఫోన్సో మాట్లాడదాం రమ్మని పిలిచి, తమ్ముణ్ణి లూనా కోటలో బంధించాడు. 1090లో చనిపోయేదాకా, అంటే పదిహేడేళ్ళు, గార్సియా అక్కడే ఉన్నాడు. సంకెళ్ళతోనే తనను పూడ్చమని కోరాడని పాత చరిత్రకారుడొకరు రాశాడు. ఉర్రాకాను తప్పు పట్టాలంటే నేను ఇక్కడ పడతాను. ఒక తమ్ముడి కోసం అంత పోరాడిన అక్క ఇంకో తమ్ముణ్ణి ఎందుకు విడిపించలేదు?

లియోన్ వెళ్ళే వీలు కుదిరితే సాన్ ఇసిదోరో చర్చి తప్పక చూడు. ఉర్రాకా పేరు చెక్కిన పాత్ర అక్కడి మ్యూజియంలో ఉంది. రెండు పాతకాలపు ఓనిక్స్ రాతి గిన్నెలను బంగారంతో అతికి, చుట్టూ ముత్యాలు, మణులు పొదిగారు. అమ్మానాన్నలు, అక్కచెల్లెళ్ళు, గార్సియా, అందరి సమాధులూ ఆ చర్చిలోనే. సాంచోది ఓన్యాలో, అల్ఫోన్సోది సహగూన్‌లో.

ఇదే కథతో 2020లో వచ్చిన స్పానిష్ సీరియల్‌లో ఐదుగురు పిల్లలూ ఉన్నారు, వాళ్ళ అమ్మా ఉంది. తమ్ముడు కూడా చూస్తానంటున్నాడు, ఇద్దరూ ఒకే వారంలో చూడండి. సాంచాను ఎలా చూపించారో, గార్సియాకు ఎంత చోటిచ్చారో నువ్వు విడిగా, వాడు విడిగా నాకు రాయండి.

ప్రేమతో,
అమ్మ