మన బడి వార్తాలేఖ, ఆగస్టు: చేపల తొట్టి దగ్గర ఏం జరిగిందంటే

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

మూడు వారాలుగా మీ వాట్సాప్ గ్రూపుల్లో మన బడి ఫొటో ఒకటి తిరుగుతోంది. తొట్టిలో వెల్లకిలా తేలిన చేపల ఫొటో. ఆ తొట్టి నీళ్లనే పంపుతో పక్కన కంకర నింపిన మడిలోకి ఎక్కించి, పిల్లలు ఆకుకూరలు పెంచుతారు; దీన్నే ఆక్వాపోనిక్స్ అంటారు. దాని కింద రాసినవన్నీ ఎవరో ఒకరు నాకు పంపుతూనే ఉన్నారు. నీళ్లలో విషం కలిసిందని ఒకరు, పిల్లలు ఇంటికి తెచ్చిన తోటకూర పారేయమని ఒకరు, ఆ తొట్టి వల్లే వీధిలో డెంగ్యూ వచ్చిందని ఇంకొకరు. ఆఫీసుకి వచ్చి నేరుగా అడిగినవాళ్లు నలుగురే. వాళ్లకి కృతజ్ఞతలు. మిగతావాళ్లందరి కోసం ఈ ఉత్తరం.

ఈ నెల మొదటి ఆదివారం రాత్రి ఒంటిగంటకి కరెంటు పోయింది. తెల్లవారి ఐదు దాటాక వచ్చింది. బడి వెనక పెరట్లో షేడ్ నెట్ పందిరి కింద ఉన్న వెయ్యి లీటర్ల తొట్టిలో అప్పటికి 40 బంగారుతీగ చేపలున్నాయి. కరెంటు లేనప్పుడు వాటికి గాలి అందించే ఎయిర్ పంపు ఇన్వర్టర్ మీద నడవాలి. ఆ రాత్రి నడవలేదు. ఆగస్టు 15 రిహార్సల్‌కి మైకు సెట్టు పెట్టడం కోసం శనివారం ఆ ప్లగ్గు తీశారు, మళ్లీ పెట్టలేదు. అది చూసుకోవాల్సింది బడి, అంటే నేను. సోమవారం పొద్దున వాచ్‌మన్ వెళ్లేసరికి 27 చేపలు చచ్చిపోయి ఉన్నాయి.

రెండో తప్పు కూడా మాదే. వాసన వస్తోందని, ఒక గ్రూపులో వచ్చిన సలహా పట్టుకుని తొట్టిలో బ్లీచింగ్ పౌడర్ చల్లించాం. అప్పటికే పిల్లలు మిగిలిన 13 చేపల్ని టబ్బుల్లోకి మార్చేశారు కాబట్టి అవి బతికాయి. కానీ ఆ నీళ్లు కంకర మడిలోకి ఎక్కి, అక్కడ నీళ్లని శుభ్రం చేసే మంచి బ్యాక్టీరియాని చంపేశాయి. పదకొండు నెలలు పిల్లలు పెంచుకున్నది ఒక్క పూటలో పోయింది. వాళ్ల ముందు నిలబడి సారీ చెప్పాను.

తోటకూర సంగతి. మీ ఇళ్లకి వచ్చింది అంతకు ముందు శుక్రవారం కోసిన కట్టలు. సోమవారం దాకా తొట్టిలో ఏ మందూ పడలేదు. బ్లీచింగ్ పడ్డ తర్వాత మడిలో ఉన్న తోటకూర, బచ్చలి, పుదీనా మొత్తం పీకించేశాం, ఒక్క ఆకు కూడా ఇంటికి పంపలేదు. ఇక డెంగ్యూ. ఆ దోమ గుడ్లు పెట్టేది నిలవ ఉన్న మంచినీళ్లలో: కూలర్ ట్రేలో, పూలకుండీ కింద పళ్లెంలో, పాత టైరులో, కొబ్బరి చిప్పలో. మన తొట్టిలో నీళ్లు రాత్రింబవళ్లు కదులుతుంటాయి, లార్వా కనపడితే చేపలు వదలవు. గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. దయచేసి ఈ ఆదివారం మీ ఇంటి కూలర్ ట్రే ఒకసారి బయటికి లాగి చూడండి.

ఇప్పుడు నాకు రాయాలని ఉన్న విషయం రాస్తాను.

సోమవారం పొద్దున టీచర్లందరం చేపల వ్యర్థాల్లోంచి వచ్చే విషం, అమ్మోనియా అమ్మోనియా అని కంగారు పడుతుంటే, తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె చచ్చిన చేపల్ని వరసగా పేర్చి స్కేలు పెట్టి కొలిచింది. "మేడం, పోయినవన్నీ పెద్దవే. బతికినవన్నీ చిన్నవే. ఇది విషం కాదు, గాలి అందకపోవడం" అంది. చెరువులో ఆక్సిజన్ పడిపోతే ముందు పెద్ద చేపలే పోతాయని వాళ్ల తాతగారు ఎప్పుడో చెప్పారట. తర్వాత రికార్డు పుస్తకం తెరిచింది. శనివారం సాయంత్రం అమ్మోనియా 0.25 పీపీఎం (అంటే లీటరుకి అన్ని మిల్లీగ్రాములు), ఎప్పుడూ ఉన్నట్టే. సోమవారం 4 ఉంది. అంటే అమ్మోనియా చేపల్ని చంపలేదు, చచ్చిన చేపల వల్ల అమ్మోనియా పెరిగింది. ఏది కారణమో ఏది ఫలితమో విడదీసి చూసిన ఆ పిల్ల వయసు 14. ముప్ఫై ఏళ్ల సర్వీసులో ఇంత ఆనందించిన రోజులు నాకు తక్కువ, అదీ చేపలు పోయిన రోజున.

ఆ అమ్మాయి అక్కడితో ఆగలేదు. నాలుగు గంటలు గాలి లేకపోతే మాత్రం ఇన్ని ఎందుకు పోవాలని అడిగింది. జూన్‌లో ఒకసారి మూడు గంటలు కరెంటు లేదు, ఇన్వర్టరూ పనిచేయలేదు, అయినా ఒక్క చేప కూడా పోలేదని పుస్తకంలో ఉంది. తొట్టి అడుగున గరిటెతో దేవితే కేకు ముద్దలు, క్రీము, చిప్స్ ముక్కలు వచ్చాయి. శనివారం ఒక పుట్టినరోజు జరిగింది. పిల్లలు ప్రేమగానే వేశారు. అది రెండు రోజులు నీళ్లలో కుళ్లుతూ, ఉన్న ఆక్సిజన్‌ని లాగేసింది. పైగా 30 డిగ్రీల వేడి నీళ్లు లీటరుకి ఏడున్నర మిల్లీగ్రాముల ఆక్సిజన్‌కి మించి పట్టలేవు. చేపకి ఐదు ఉండాలి. అంటే మన ఊళ్లో ఆగస్టు రాత్రి చేతిలో మిగిలేది చాలా తక్కువ. చెరువుల మీద బతుకుతున్న మీకు ఇది నేను చెప్పాలా?

అందుకే మీతో మొహమాటం లేకుండా మాట్లాడుతున్నాను. భీమవరం చుట్టుపక్కల చెరువు లేని ఊరు లేదు. మన బడిలో సగం మంది నాన్నలకి మేత, సీడు, ఏరేటర్ అనే మాటలు రోజూ నోట్లో ఉండేవే. అయినా "చదువుకునే పిల్లలకి చేపల పని ఏంటి మేడం" అని నన్ను అడిగిన వాళ్లలో ఎక్కువమంది చెరువులున్నవాళ్లే! నత్రజని వలయం బొమ్మ గీసి, బాణాలు పెట్టి, మార్కులు తెచ్చుకున్న పిల్లలు ఇన్నేళ్లలో వేలమంది నా చేతుల మీదుగా వెళ్లారు. ఆ వలయం పని చేస్తుండగా చూసినవాళ్లు ఈ తొట్టి పెట్టాకే వచ్చారు. చేప వదిలిన అమ్మోనియాని కంకరని అంటుకుని ఉన్న నైట్రోసోమోనాస్ అనే బ్యాక్టీరియా నైట్రైట్ చేస్తుంది. అదీ చేపకి విషమే. నైట్రోబ్యాక్టర్ లాంటివి దాన్ని నైట్రేట్ చేస్తాయి. దాన్ని తోటకూర తాగుతుంది, శుభ్రపడ్డ నీళ్లు మళ్లీ చేప దగ్గరికి వెళ్తాయి. టెస్ట్ కిట్‌లో పసుపు రంగు ఆకుపచ్చకి తిరుగుతుంటే ఏడో తరగతి పిల్లలు ఊపిరి బిగబట్టి చూస్తారు. అరుణాచల్ ప్రదేశ్ జీరో లోయలో అపతానీ తెగ రైతులు వరి మళ్లలోనే ఈ బంగారుతీగని పెంచుతారు. కరీబియన్ దీవుల్లోని వర్జిన్ ఐలాండ్స్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ రకోసీ బృందం 1980ల నుంచి ఇదే పనిని లెక్కలతో, కొలతలతో శాస్త్రంగా నిలబెట్టింది. ఈ విద్య మన పిల్లలకి పరాయిది కాదు, వాళ్ల నాన్నల చెరువూ వాళ్ల అమ్మల కూరమడీ ఒకచోట కలిస్తే ఇదే. నేను ఈ బడిలో ఉన్నంత కాలం ఆ పందిరి ఉంటుంది.

ఎస్ఏ-1 పరీక్షల టైంటేబుల్ డైరీలో అంటించాం. సెప్టెంబరు 5న పిల్లలే పాఠాలు చెబుతారు, చీరలూ పంచెలూ ముందు రోజే సిద్ధం చేయండి. రెండో టర్మ్ ఫీజు 10వ తేదీలోపు. రెండో నంబరు బస్సు కాలవ గట్టు మీద పని జరుగుతున్నందున పది నిమిషాలు ముందు వస్తుంది. వినాయక చవితికి మట్టి బొమ్మలే.

తొట్టి మళ్లీ ఎలా నిలబడిందో కూడా చెప్పాలి. కొత్త కంకరలో బ్యాక్టీరియా దానంతట అది పెరగాలంటే నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఏడో తరగతి అబ్బాయి ఒకడు మంగళవారం పొద్దున నాన్న బండి మీద రెండు బకెట్ల తడి కంకర తెచ్చాడు. ఎండ తగలకుండా గోనెపట్టా కప్పి మరీ తెచ్చాడు. అది వాళ్ల పెరట్లో వాడే కట్టుకున్న మడిలోది. పెరుగు తోడు వేసినట్టు మా మడిలో కలిపాడు. పన్నెండో రోజుకి అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకి వచ్చాయి. వాడు క్లాసులో నోరు విప్పడని ఇద్దరు టీచర్లు నాకు ఫిర్యాదు చేసిన పిల్లాడు. మొన్న అసెంబ్లీలో ఇరవై నిమిషాలు మాట్లాడాడు, ఎవరూ కదల్లేదు.

ఆ అబ్బాయి పెరటి మడి చూసి చాలామంది మేమూ పెట్టుకుంటాం అంటున్నారు. సంతోషం. వాడు చెప్పినవి, మేం నేర్చుకున్నవి రాస్తున్నాను. మన దగ్గర ప్లాస్టిక్ కప్పి వేడి పెంచే పాలీహౌస్ వద్దు, 50 శాతం షేడ్ నెట్ చాలు, పక్కలు గాలికి వదిలేయండి. తొట్టికి వెలుతురు తగిలితే నాచు పడుతుంది, మూత ఉండాలి. మడి అడుగు లోతు ఉండాలి. కంకర కొనేముందు దాని మీద నిమ్మరసం పిండండి, పొంగితే అది సున్నపురాయి, పీహెచ్ (నీళ్ల పులుపు, క్షారం చెప్పే కొలత) పెంచుతుంది, వద్దు. పీహెచ్ 7 నుంచి 8కి పోతే అమ్మోనియాలో విషంగా మారే భాగం దాదాపు పది రెట్లవుతుంది. పంపు గంటకొకసారి తొట్టి నీళ్లన్నీ తిప్పగలగాలి. కుళాయి నీళ్లయితే ఒక రోజంతా బయట టబ్బులో పెట్టి క్లోరిన్ పోయాకే పోయండి. మందులు కొట్టకూడదు, వేపనూనె కూడా చేపకి పడదు, పురుగుని చేత్తో ఏరాల్సిందే. ఆకు ఈనెలు పచ్చగా ఉండి మధ్యలో పసుపు తిరిగితే ఐరన్ తక్కువైనట్టు, చీలేటెడ్ ఐరన్ (మొక్క తేలిగ్గా పీల్చుకునే ఇనుము) చిటికెడు చాలు. మిద్దె మీద పెట్టాలనుకునేవాళ్లు ముందు ఇంజనీరుకి చూపించండి. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు మడిలో కంకరే 300 కిలోలు దాటుతుంది.

ఒక్క మాట, చేపలు ముందు కొనకండి. మడి సిద్ధం కాకుండా చేపలు తెచ్చి, వారంలో పోగొట్టుకుని, పిల్లాణ్ని ఏడిపించిన ఇళ్లు మూడు నాకు తెలుసు. ఆ మూడు ఇళ్లలోనూ మడి కట్టింది నాన్నలే, పిల్లలు పక్కన నిలబడి ఫోన్‌లో వీడియో తీశారు. దయచేసి డ్రిల్లింగ్ మెషీన్ ఒకటి తప్ప మిగతావన్నీ పిల్లల చేతికివ్వండి. సైఫను, అంటే మడి నిండగానే నీళ్లని తొట్టిలోకి దింపే గొట్టం, నాలుగుసార్లు పని చేయకపోవాలి. ఐదోసారి నీళ్లు ఒక్కసారిగా జర్రున దిగినప్పుడు వాళ్ల మొహం చూడండి.

ఇంకొన్ని సంగతులు, మీ మీద గౌరవంతోనే. తొట్టి మొదలయ్యాక మేత తూకం వేసి పెట్టడం పిల్లలకి నేర్పాం. ఆకుకూరల మడికి చదరపు మీటరుకి రోజుకి 40 నుంచి 50 గ్రాములు, అంతే. చేప అడిగినా ఎక్కువ వేయరు. అదే పిల్లల టిఫిన్ బాక్సుల్లో మీరు పెట్టే చిప్స్ ప్యాకెట్లకి లెక్క లేదు. వాళ్ల చేత్తో పెంచిన బచ్చలి ఇంటికి పంపితే "మా వాడు ఆకుకూర తినడు మేడం" అని తిరిగి పంపిన తల్లులున్నారు. వాడు బడిలో పచ్చి ఆకే నములుతున్నాడమ్మా, నేను ఆపాల్సి వస్తోంది. ఏరేటర్ ఆగిందేమోనని తెల్లవారుజామున మూడింటికి టార్చి లైటు పట్టుకుని చెరువు గట్టుకి వెళ్లే నాన్నలు, పిల్లాడిని ఏడున్నరకి నిద్ర లేపలేకపోతున్నాం అంటే నాకు నమ్మబుద్ధి కావడం లేదు. తొట్టి చూసుకునే ఆదివారం డ్యూటీ ఉన్న పిల్లల్లో ఆ రోజు ఒక్కరే వచ్చారు. "ఆదివారం కూడా బడేంటి" అని మిగతావాళ్లని ఇంట్లోనే ఉంచేశారు. సాయంత్రం ఇంకొకరు వచ్చి ఉంటే ఆ ప్లగ్గు కనపడేదేమో అని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఇకనుంచి బడిలోకి పుట్టినరోజు కేకు రాదు. మీ అబ్బాయి, మీ అమ్మాయి పుట్టినరోజున ఒక మొక్క నారు పంపండి, వాళ్ల పేరు చీటీతో మడిలో పెట్టిస్తాం. ఇన్వర్టర్ ప్లగ్గుకి ఇనుప పెట్టె వేయించి తాళం పెట్టాం. ఒక తాళం చెవి వాచ్‌మన్ దగ్గర, ఒకటి నా దగ్గర ఉంటాయి. బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఒకటి తొమ్మిదో తరగతి పిల్లల నాన్నగారు ఒకరు ఉచితంగా ఇచ్చారు, ఆ సోమవారం టబ్బుల్లో 13 చేపల్ని కాపాడింది అదే.

కొత్త చేపపిల్లలు వచ్చే గురువారం వస్తున్నాయి, ఈసారి 25 మాత్రమే వేస్తున్నాం. ఆదివారం డ్యూటీకి ఉదయం ఏడింటికి ఇద్దరు, సాయంత్రం ఐదింటికి ఇద్దరు పిల్లలు కావాలి. వెంట ఒక పెద్దవాళ్లు ఉండాలి, పావుగంట పని. పేర్లు సోమవారంలోగా డైరీలో రాసి పంపండి, వాట్సాప్‌లో వద్దు.

మీ
ప్రధానోపాధ్యాయురాలు