క్లోమం వాపు: లైపేజ్ చూసి భయపడేవారు కాల్షియం కూడా చూడాలి

సంపాదకులకు,

‘లైపేజ్ మూడు వేలు దాటిందట, మనిషి దక్కుతాడా?’ అమలాపురం, భీమవరం ఆసుపత్రుల వరండాల్లో తరచూ వినపడే ప్రశ్న ఇది. క్లోమం తయారుచేసే జీర్ణ ఎంజైములైన అమైలేజ్ గానీ లైపేజ్ గానీ రక్తంలో మామూలు గరిష్ఠానికి మూడు రెట్లు దాటితే, వీపులోకి పొడుచుకుపోయే ఆ కడుపునొప్పి పాంక్రియాటైటిస్ (క్లోమం వాపు) అని తేల్చుకోవచ్చు. ఆ అంకె పని అంతటితో సరి. మూడు వేలున్నవారు నాలుగు రోజుల్లో ఇంటికెళ్లవచ్చు, నాలుగు వందలున్నవారికి వెంటిలేటర్ అవసరం కావచ్చు. రోజూ లైపేజ్ మళ్లీ మళ్లీ చేయించడం డబ్బు దండగ.

జబ్బు ఎటు పోతోందో చెప్పే చవక పరీక్షల్లో కాల్షియం ఒకటి. క్లోమం నుంచి చిందిన లైపేజ్ చుట్టుపక్కల కొవ్వును విడగొడుతుంది. అలా బయటపడిన కొవ్వు ఆమ్లాలు కాల్షియాన్ని పట్టుకుని సబ్బుగా గట్టిపడతాయి. ఆపరేషన్‌లో సుద్దముక్కల్లా కనిపించే తెల్లమచ్చలు అవే. అంటే రక్తంలో కాల్షియం తగ్గుతోందంటే లోపల నష్టం జరుగుతోందని అనుమానించాలి. 1974లో న్యూయార్క్ సర్జన్ జాన్ రాన్సన్ ఈ జబ్బు తీవ్రతను అంచనా వేయడానికి కూర్చిన 11 గుర్తుల్లో, చేరిన 48 గంటల్లోపు కాల్షియం డెసిలీటరుకు 8 మిల్లీగ్రాముల కంటే కిందికి పడిపోవడం ఒకటి. కొన్ని ల్యాబులు మిల్లీమోల్స్‌లో ఇస్తాయి, అక్కడ ఇదే హద్దు 2. రిపోర్టులో యూనిట్ చూడకుండా ‘2 ఉందండీ’ అని ఫోన్లో చెబితే అవతలి డాక్టరు ఉలిక్కిపడతాడు.

అయితే ఈ పరీక్ష తప్పుదోవ పట్టించడానికి దారులు చాలా ఉన్నాయి. రక్తంలోని కాల్షియంలో దాదాపు 40 శాతం ప్రొటీన్లకు, ముఖ్యంగా ఆల్బుమిన్‌కు అంటుకుని ఉంటుంది. ఈ జబ్బులో రక్తనాళాల నుంచి ఆల్బుమిన్ కారిపోతుంది, దాంతో మొత్తం కాల్షియమూ తగ్గినట్టు కనిపిస్తుంది. అందుకే, మామూలు ఆల్బుమిన్‌గా తీసుకునే 4 (డెసిలీటరుకు గ్రాముల్లో) లోంచి రోగి ఆల్బుమిన్ తీసేసి, మిగిలినదాన్ని 0.8తో గుణించి కాల్షియానికి కలపాలి. కాల్షియం 7.4, ఆల్బుమిన్ 2.5 ఉంటే సరిచేసిన కాల్షియం 8.6. కంగారు సగం తగ్గుతుంది. ఈ లెక్క కూడా తీవ్రమైన జబ్బులో అంత నమ్మకమైనది కాదు కాబట్టి, ఏబీజీ మిషన్ (రక్తంలోని వాయువులు కొలిచేది) ఉన్నచోట అయొనైజ్డ్ కాల్షియం, అంటే దేనికీ అంటుకోకుండా విడిగా ఉన్న కాల్షియం చూడటమే మేలు. ఆ శాంపిల్‌ను హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా చేసే మందు) ఉన్న సిరంజిలో గాలి తగలకుండా తీసి వెంటనే పెట్టాలి. గాలి తగిలితే పీహెచ్ పెరిగి అంకె తప్పుగా తగ్గుతుంది.

సేకరణ కేంద్రాల్లో పనిచేసేవారికి ఒక మాట. ఊదా మూత ట్యూబులో రక్తం గడ్డకట్టకుండా వేసే ఈడీటీఏ అనే రసాయనం కాల్షియాన్ని కట్టేస్తుంది. కాల్షియం పరీక్షకు వాడే ఎర్రమూత ట్యూబు ముందు నింపాలి. ఊదా ట్యూబులోంచి దాంట్లోకి ఒక్క చుక్క కూడా వంచకూడదు. కాల్షియం బాగా తక్కువ, పొటాషియం బాగా ఎక్కువ ఒకేసారి వస్తే రోగికంటే ముందు ట్యూబును అనుమానించాలి. టోర్నికెట్ (చేతికి కట్టే పట్టీ) నిమిషం దాటి బిగించి ఉంచితే కాల్షియం పెరిగినట్టు వస్తుంది. సెలైన్ ఎక్కుతున్న చేతి నుంచి రక్తం తీయకూడదు.

కాల్షియం ఒక్కటే చూసి తీర్పు చెప్పకూడదు. బ్లడ్ యూరియా నైట్రోజన్ 25 దాటిందా, హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల శాతం) 44 మించిందా, ఊపిరి వేగం పెరిగిందా, మాట తడబడుతోందా, మూత్రం గంటకు కిలోకు అర మిల్లీలీటరైనా వస్తోందా, ఇవన్నీ పక్కన పెట్టుకుని చదవాలి. ఈ జబ్బు తీవ్రతను తేల్చే, 2012లో సవరించిన అట్లాంటా వర్గీకరణ ప్రకారం, పనితప్పిన ఏదైనా అవయవం 48 గంటలు దాటినా కోలుకోకపోతేనే అది తీవ్రమైన జబ్బు.

వరదల్లో లంక గ్రామాల నుంచి పడవ దాటి, మధ్యలో గ్యాస్ నొప్పికి ఇంజెక్షన్ చేయించుకుని వచ్చేవారికి ఆసుపత్రిలో మొదటి రోజు నిజానికి జబ్బులో మూడో రోజు. వారికి మొదటి శాంపిల్‌లోనే కాల్షియం పడిపోయి ఉండవచ్చు. అందుకే రిఫరల్ చీటీలో నొప్పి మొదలైన గంట, శాంపిల్ తీసిన టైము, ఎక్కించిన ఫ్లూయిడ్, వచ్చిన మూత్రం రాయాలి. ఇవి లేకుండా ఎదుర్లంక వంతెన మీదుగా కాకినాడ పంపితే అక్కడ అన్నీ మొదటినుంచి మొదలవుతాయి.

అంకె తక్కువ ఉందని కాల్షియం ఎక్కించేయడం మరో పొరపాటు. మూతి చుట్టూ తిమ్మిరి, చేతివేళ్లు కొంకర్లుపోవడం, ఈసీజీలో క్యూటీ అనే వ్యవధి సాగడం ఉంటేనే 10 శాతం కాల్షియం గ్లూకోనేట్ 10 మిల్లీలీటర్లు, పది నిమిషాలకు తక్కువ కాకుండా, ఈసీజీ చూస్తూ ఇవ్వాలి. సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్ ఎక్కుతున్న లైనులో కలిపితే గడ్డకడుతుంది. మద్యం అలవాటున్నవారికి మెగ్నీషియం తక్కువుంటే, అది సరిచేయనిదే కాల్షియం ఎంతిచ్చినా నిలవదు.

ఇక, జబ్బు విజృంభించిన సమయంలో కాల్షియం మామూలుగా ఉందంటే అన్నిసార్లూ మంచి కబురనుకోవద్దు. మెడలోని పారాథైరాయిడ్ గ్రంథుల జబ్బు వల్ల కాల్షియం పెరిగి పాంక్రియాటైటిస్ వచ్చినవారిలో, పెరిగిన అంకె ఈ సమయంలో దిగి మామూలుగా కనిపిస్తుంది. పిత్తాశయంలో రాళ్లూ మద్యం అలవాటూ లేనివారికి, డిశ్చార్జి అయిన కొన్ని వారాలకు కాల్షియం మళ్లీ చూసి, 10.5 దాటితే పారాథార్మోన్ (ఆ గ్రంథుల హార్మోన్) పరీక్ష చేయించాలి.

ఇట్లు,
కొందరు వైద్యులు, ల్యాబ్ టెక్నీషియన్లు
కోనసీమ