మన సంఘం వార్షిక నివేదిక, 2024–25: కొత్త సబర్బులో ఇల్లు, భద్రత, రాత్రి నిద్ర

గౌరవనీయులైన అధ్యక్షులకు, కార్యవర్గానికి, సభ్యులందరికీ నమస్కారం.

2024 జూలై నుంచి 2025 జూన్ వరకు మెల్‌బోర్న్ పడమటి సబర్బుల్లో మన సంఘం చేసిన పనుల నివేదికను సర్వసభ్య సమావేశం ముందు ఉంచుతున్నాను. వినాయక చవితి, బతుకమ్మ, దీపావళి, సంక్రాంతి, ఉగాది ఎప్పటిలాగే బాగా జరిగాయి. ఫోటోలు అందరూ చూశారు, భోజనాల గురించి అందరూ చెప్పుకున్నారు. అందుకే ఈసారి ఎక్కువ చోటు ‘ఇంటి తోడు’ పనికి, అంటే ఇల్లు వెతుక్కునే కుటుంబాల కోసం మన వాలంటీర్లు వీధి చూసి, విని చెప్పే పనికి ఇస్తున్నాను. పండుగ ఒక్క రోజుతో అయిపోతుంది, ఈ పని ఏడాది పొడవునా నడిచింది. దీన్ని భుజాన వేసుకున్నవాళ్లకు వేదిక మీద శాలువా కూడా పడలేదు.

హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో నేరుగా వచ్చినవాళ్లు, సిడ్నీ నుంచి మారినవాళ్లు, తూర్పు సబర్బుల్లో అద్దెకుండి ఇటు ఇల్లు కొనుక్కుందామనుకునేవాళ్లు మనల్ని మొట్టమొదట అడిగేది ‘‘ఆ సబర్బు సేఫేనా అండీ?’’ అనే. శబ్దం గురించి మాత్రం ఇంట్లో దిగాకే ఫోన్ చేస్తారు. అప్పటికి పన్నెండు నెలల లీజు మీద సంతకం అయిపోయి ఉంటుంది. ఈ రెండు ప్రశ్నలకూ ఇల్లు ఖాయం చేసుకోకముందే జవాబు దొరకాలని, అది పుకారు మీద కాకుండా కళ్లతో చూసి, చెవులతో విని తేల్చుకోవాలని మొదలుపెట్టిన పని ఇది.

ముందు భద్రత సంగతి. మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రంలో నేరాల లెక్కలను క్రైమ్ స్టాటిస్టిక్స్ ఏజెన్సీ అనే ప్రభుత్వ సంస్థ మూడు నెలలకోసారి విడుదల చేస్తుంది. ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. మన వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే స్క్రీన్‌షాట్లు చాలావరకు అక్కడివే, కానీ సగం కత్తిరించినవి. సబర్బు వారీగా ఇచ్చేది నేరాల సంఖ్య. లక్ష మందికి ఎన్ని అనే రేటును కౌన్సిల్ (మన మున్సిపాలిటీ లాంటిది) పరిధి మొత్తానికి కలిపి ఇస్తారు. 2021 జనగణనలో పాయింట్ కుక్ జనాభా 66 వేల పైమాట, టార్నీట్‌ది 56 వేల పైమాట. ఇంత పెద్ద సబర్బుల సంఖ్యను ఐదారు వేల మంది ఉండే చోటి సంఖ్య పక్కన పెట్టి ‘‘చూశారా, ఎంత తేడానో’’ అని భయపెట్టడం అన్యాయం. జనగణన తర్వాత కూడా టార్నీట్‌లో వీధులకు వీధులు వెలిశాయి కాబట్టి పాత జనాభాతో భాగించినా లెక్క తప్పుతుంది.

ఆ మొత్తంలో ఏమేం కలిసి ఉన్నాయో కూడా చూడాలి. పెద్ద షాపింగ్ సెంటర్ ఉంటే అందులో జరిగే షాపు దొంగతనాలన్నీ ఆ సబర్బు ఖాతాలోనే పడతాయి. కుటుంబ హింస కేసులు, కోర్టు ఉత్తర్వులు ఉల్లంఘించిన కేసులు కూడా అందులోనే ఉంటాయి. అవి చిన్నవి కావు, మన కుటుంబాల్లో లేనివీ కావు. కానీ ఇల్లు వెతుక్కునేవాళ్ల బెంగ వేరు: ఇంట్లో దొంగలు పడతారా, కారు పోతుందా, రాత్రి డ్యూటీ నుంచి వచ్చే అమ్మాయి స్టేషన్ నుంచి నడిచి రాగలదా? అందుకని మన వాలంటీర్లు మొత్తం సంఖ్యను పక్కన పెట్టి, ఇళ్లలో దొంగతనాలు, కార్ల దొంగతనాలు, కారులోంచి వస్తువుల దొంగతనాలు అనే మూడు వరుసలను కొన్నేళ్లవి కలిపి చూపించారు. ఒక్క త్రైమాసికం చూసి భయపడవద్దు, ధీమాగా ఉండవద్దు అని చెప్పారు.

అంకెలు ఎంత చూసినా వీధి తెలియదు. ఒకే సబర్బులో రెండు వీధుల మధ్య ఎంత తేడా ఉంటుందో ఈ ఏడాది బాగా తెలిసింది. రౌండబౌట్ల దగ్గర, పొడవాటి తిన్నని రోడ్ల మీద నల్లటి టైరు గుండ్రాలు ఉంటే అక్కడ రాత్రిళ్లు కుర్రాళ్లు కార్లు గిరగిర తిప్పుతున్నారని అర్థం. కారు ఆపే చోట నేల మీద గాజు రవ్వ ఉంటే అద్దం పగలగొట్టారని అర్థం. వీధి దీపాలు ఉన్నాయా, ఉన్నవి వెలుగుతున్నాయా, స్టేషన్ నుంచి ఇంటికి వచ్చే దారిలో ఎత్తైన కంచెల మధ్య మనిషి కనబడని సందు ఉందా అన్నవి చూడాలి. జూన్‌లో ఇక్కడ ఐదు దాటగానే చీకటి పడుతుంది. మనల్ని చూడటానికి ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలు సాయంత్రం నడకకు వెళ్లేది ఆ చీకట్లోనే. అద్దె ఇల్లయితే బయటి తలుపులకు సరైన తాళం, తెరుచుకునే కిటికీలకు పనిచేసే గడియ ఉండాలని 2021 మార్చి నుంచి చట్టమే చెబుతోంది. లేకపోతే ఏజెంటును అడగడం మన హక్కు, మొహమాటం వద్దు.

కార్ల గురించి ఒక మాట. ఈ మధ్య రాష్ట్రమంతటా కార్ల దొంగతనాలు బాగా పెరిగాయి. బటన్ నొక్కితే స్టార్ట్ అయ్యే కార్లను ఎలక్ట్రానిక్ పరికరాలతో ఎత్తుకుపోతున్నారు. మనం గ్యారేజీని రెండో వంటిల్లుగానో సామాన్ల గదిగానో మార్చుకుని కారు బయట వదిలేస్తాం. దయచేసి గ్యారేజీ ఖాళీ చేయండి. ముందు తలుపుకు పగలు కూడా తాళం వేయండి. తెరిచి ఉన్న తలుపులోంచి వచ్చి బల్ల మీది కారు తాళాలు పట్టుకుపోయే కేసులు చాలా ఉంటున్నాయని పోలీసులు పదేపదే చెబుతున్నారు. పెళ్లి నగలు ఇంట్లో ఉంచకండి. ఈ మాట ప్రతి సమావేశంలోనూ చెప్పాను, ఇంకా చెబుతూనే ఉంటాను.

ఇక శబ్దం. ఇక్కడ ఇంటి ఇన్‌స్పెక్షన్ ఎక్కువగా శనివారం పగటిపూట, పావుగంట సేపు. ఆ పావుగంటలో ఏ వీధైనా ప్రశాంతంగానే ఉంటుంది. ట్రుగనైనా, లావర్టన్ నార్త్ గోదాములకు వెళ్లే కంటైనర్ లారీలు తెల్లవారుజామునే మొదలవుతాయి. ఒక కుటుంబం శనివారం ఇల్లు చూసి, ఎంతో నచ్చి, నెలల పాపతో దిగారు. పడకగది వెనక కంచె, కంచె వెనక లారీల రోడ్డు. పాప నిద్రపోయే గది మార్చారు, కిటికీకి మందపాటి తెరలు కట్టారు, ఆఖరికి లీజు మధ్యలో వదులుకుని డబ్బు పోగొట్టుకున్నారు. వాళ్లు ముందే మనల్ని పిలిచి ఉంటే పనిరోజు తెల్లవారుజామున ఒక్క పది నిమిషాలు ఆ కంచె దగ్గర నిలబడితే సరిపోయేది. రోడ్డు శబ్దం రాత్రి సగటున 45 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో సూచించింది. ఫోన్‌లో యాప్ పెట్టి కొలిచే సభ్యులున్నారు, వద్దనను. కానీ కారు ఇంజను ఆపి, అద్దాలు దించి, ఫోన్ చూడకుండా కాసేపు వినడమే మేలని మా అనుభవం.

రైలు సంగతీ అంతే. ‘స్టేషన్‌కు దగ్గర’ అని ప్రకటనలో పెద్ద అక్షరాలతో వేస్తారు. 2015లో కొత్త లైను వచ్చాక టార్నీట్, విండమ్ వేల్ మీదుగా నడుస్తున్నవి డీజిల్ రైళ్లు. స్టేషన్ దగ్గరగా ఉండటం ఎంతో సౌకర్యం, పట్టాలు పెరటి గోడకు ఆనుకుని ఉండటం వేరే సంగతి.

విమానాల విషయంలో క్రేగీబర్న్, గ్రీన్‌వేల్ వైపు వెళ్లే మన సభ్యులు జాగ్రత్తగా ఉండాలి. టల్లమరీన్‌లోని మెల్‌బోర్న్ విమానాశ్రయానికి రాత్రి కర్ఫ్యూ లేదు, ఇరవై నాలుగు గంటలూ విమానాలు తిరుగుతాయి. గాలి మారితే రన్‌వే మారుతుంది కాబట్టి, చూడటానికి వెళ్లిన రోజు నిశ్శబ్దంగా ఉంటే రోజూ అలాగే ఉంటుందని అనుకోవద్దు. 2024 సెప్టెంబరులో మూడో రన్‌వేకు కేంద్ర ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. 2031 నాటికి తెరవాలన్నది ప్రణాళిక. అంటే ఇప్పుడు శబ్దం లేని చోటికి అప్పుడు రావచ్చు. ఏ ఇంటి మీదుగా ఏ విమానం ఎంత ఎత్తులో వెళ్లిందో విమానాల రాకపోకలు చూసే ఎయిర్‌సర్వీసెస్ సంస్థ వెబ్‌సైటు వెబ్‌ట్రాక్‌లో ఎవరైనా చూసుకోవచ్చు.

కొనేవాళ్లకు మరొకటి. పెరటి వెనక పచ్చటి పొలం ఉందని మురిసిపోకముందు ప్రభుత్వ పటం విక్‌ప్లాన్‌లో ఆ చిరునామా కొట్టి చూడండి. విండమ్, మెల్టన్ కౌన్సిళ్ల పడమటి అంచుల్లో రాబోయే ఔటర్ మెట్రోపాలిటన్ రింగ్ రోడ్డు కోసం భూమి ముందే గుర్తించి పెట్టారు. ఇవాళ గొర్రెలు మేసే చోట రేపు ఫ్రీవే వస్తుంది. ఈ ఒక్క పటం చూపించి మన వాలంటీర్లు కొన్ని కుటుంబాలను తొందరపాటు సంతకం నుంచి ఆపారు. వాళ్లు కార్యవర్గానికి రాసిన కృతజ్ఞతలు నా దగ్గర భద్రంగా ఉన్నాయి.

ఇప్పుడు ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోవాల్సిన రోజు గురించి. మార్చిలో కమ్యూనిటీ సెంటర్‌లో ‘రాత్రి పటం’ కార్యక్రమం పెట్టాం. గోడ నిండా మన సబర్బుల పెద్ద పటం అంటించి, ఎవరి వీధి దగ్గర వాళ్లు రాత్రి ఏం వినబడుతుందో రాసి అంటించమన్నాం. లారీలు, గూడ్సు రైలు, పక్కింటి కుక్క, పక్కింటి ఏసీ, కార్ల కేకలు, ‘ఏమీ లేదు, హాయి’ అంటూ మధ్యాహ్నానికి పటం నిండిపోయింది. అందరికన్నా ఎక్కువ రాసింది ఊరి నుంచి వచ్చిన పెద్దవాళ్లు. నాలుగింటికే లేచి కూర్చునే తాతయ్యలకు, అమ్మమ్మలకు తెలిసినంత మనకెవరికీ తెలియదు. ‘‘గాలి ఇటు తిరిగితే రైలు మంచం పక్కనే వెళ్తున్నట్టుంటుంది బాబూ’’ అని గుంటూరు నుంచి వచ్చిన ఒక పెద్దాయన చెప్పిన మాట ఏ లెక్కల్లోనూ దొరకదు. బయట పార్కింగ్‌లో పోలీసులు, వీధుల భద్రత కోసం పనిచేసే నైబర్‌హుడ్ వాచ్ వాలంటీర్లు కార్ల నంబర్ ప్లేట్లకు ఒకసారి బిగిస్తే మామూలు స్క్రూడ్రైవరుతో ఊడని స్క్రూలు వేసిపెట్టారు. దొంగిలించిన మన ప్లేట్లు పెట్టుకుని, పెట్రోలు కొట్టించుకుని డబ్బివ్వకుండా పారిపోతే పోలీసులు వచ్చేది మన ఇంటికే కాబట్టి ఇది చిన్న సాయం కాదు. వారికి సంఘం తరఫున చేతులెత్తి నమస్కరిస్తున్నాను. ఆ పటాన్ని ఇప్పుడు శుభ్రంగా తిరగరాయించాం, ఇల్లు వెతికే ప్రతి కుటుంబానికీ చూపిస్తున్నాం.

ఆ రోజే లారీల గురించి, వీధి దీపాల గురించి సభ్యుల ప్రశ్నలకు జవాబు చెప్పడానికి ఒక ప్రభుత్వ విభాగం అధికారిని పిలిచాం. వస్తామన్నారు. కుర్చీ వేసి, పేరు రాసిన చీటీ పెట్టి సాయంత్రం వరకు చూశాం, రాలేదు. తర్వాత రాసిన ఉత్తరాలకు ‘గమనించాం’ అని ఒక్క ముక్క జవాబు వచ్చింది. ఒక కొత్త ఎస్టేటులో వీధి దీపాలు వెలగక నెలలు గడుస్తున్నాయి. డెవలపర్‌ను అడగమని ఆ విభాగంవాళ్లు, విభాగాన్ని అడగమని డెవలపర్ చెబుతున్నారు. ఆ వీధిలో రాత్రి డ్యూటీ చేసే నర్సులున్నారు. ఈ నిర్లక్ష్యం నాకు చాలా బాధ కలిగించింది, వదిలే ఉద్దేశం లేదు.

మన వైపు నుంచి వచ్చే శబ్దం గురించి కూడా చెప్పాలి. ఇక్కడి నిబంధనల ప్రకారం సంగీతం పక్కింటి గదిలోకి వినబడకూడని వేళలు ఉన్నాయి. సోమవారం నుంచి గురువారం వరకు, ఆదివారం కూడా రాత్రి పది తర్వాత, శుక్ర, శనివారాల్లో పదకొండు తర్వాత ఆపాలి. గ్యారేజీలో పుట్టినరోజు కరావోకే కూడా దీని కిందికే వస్తుంది. లైసెన్సు లేకుండా బాణసంచా కాల్చడం విక్టోరియాలో నేరం. దీపావళికి మన వీధుల్లో కాల్చారు, చుట్టుపక్కలవాళ్ల కుక్కలు బెదిరి పారిపోయాయి. ప్రశాంతమైన వీధి కావాలని వెతుక్కుని వచ్చి మనమే దాన్ని చెడగొట్టకూడదు. దయచేసి ఈ ఏడాది మానండి.

వాలంటీర్ల సంగతి దాచను. ఉగాది నాడు వేదిక ముందు చేతులెత్తి పేర్లిచ్చినవారు చాలామంది. ఏడాదంతా నిజంగా తిరిగింది ఐదుగురు. అందులో ఇద్దరు రాత్రి షిఫ్టు ముగించుకుని, ఇంటికి వెళ్లే దారిలోనే ఆగి, ముక్కూమొహం తెలియని కుటుంబం కోసం చలిలో వీధి విన్నారు. మిగతావారికి ఫోన్ చేస్తే ‘ఈ వారం కుదరదు’ అన్నారు, అన్ని వారాలూ అదే మాట. పండుగ భోజనాల పంక్తిలో కనబడేవారు ఈ పనికి నెలకు ఒక్క సాయంత్రం ఇవ్వలేరా? కొత్తగా వచ్చినప్పుడు మనకూ ఎవరో ఒకరు ఇల్లు చూపించినవారే కదా.

ఆ ఐదుగురికి, వారిని ఓర్చుకున్న కుటుంబాలకు, పటం తిరగరాసిన పన్నెండో తరగతి పిల్లలకు, మార్చి కార్యక్రమానికి పులిహోర, పెరుగన్నం చేసి తెచ్చిన అక్కలకు, కుర్చీలు మోసిన తమ్ముళ్లకు, హాలు తక్కువ అద్దెకు ఇచ్చినవారికి, అధ్యక్షులకు నా హృదయపూర్వక ధన్యవాదాలు.

జమాఖర్చుల పట్టికను కోశాధికారి విడిగా పంపారు. ఖర్చు రాబడిలోపే ఉంది. ఆమోదం పొందాక నెలలోపు సంఘాల నమోదు చూసే ప్రభుత్వ సంస్థ కన్స్యూమర్ అఫైర్స్ విక్టోరియాకు పంపాలి కాబట్టి ప్రశ్నలుంటే సమావేశానికి ముందే కోశాధికారికి రాయండి.

‘ఇంటి తోడు’కు ఈసారి ఇద్దరు సమన్వయకర్తలు కావాలని కార్యవర్గం తీర్మానించింది. ఒకరు టార్నీట్–ట్రుగనైనా వైపు, ఒకరు పాయింట్ కుక్–వెర్రిబీ వైపు. నామినేషన్ పత్రాలు సమావేశం హాలు గుమ్మం దగ్గర ఉంటాయి. పేరు రాసేవారు ఏ రోజు, ఏ వేళ రాగలరో కూడా అందులోనే రాయగలరు.

ఇట్లు,
కార్యదర్శి