మోదుగ మొగ్గ విచ్చింది

ఒరేయ్ మురళీ,

ఎలా ఉన్నావు? ఇంట్లో అందరూ కులాసాయే కదా! శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు గానీ, వైజాగ్‌లో సముద్రం పక్కన అది ఎప్పుడొచ్చిందో, ఎప్పుడు పోయిందో తెలీదు. నాకు కాలం మారిందని చెప్పేవి చెట్లే. మాఘం వచ్చిందంటే ఆదివారాలు ఇంట్లో కాలు నిలవదు.

మొన్న శృంగవరపుకోట దాటాక బండి ఆపి మోదుగ చెట్టు కింద చాలాసేపు నిలబడ్డాను. ఆకులు రాలిపోయాయి. కొమ్మల నిండా మెత్తటి నూగుతో నల్లటి మొగ్గలు. ఒక్క గుత్తిలో మాత్రం ఆ నలుపు చీలి, చిలుక ముక్కులాంటి నారింజ రంగు కొన బయటపడింది. ఎంత సంతోషమేసిందో! ఆ పువ్వుకి వాసన లేదు. దాని దగ్గరికి వచ్చే చుట్టాలు ఎక్కువగా పిట్టలే. ఆకుల అడ్డం లేకపోతే గోరువంకలకీ, తేనెపిట్టలకీ ఆ రంగు ఎంత దూరాన్నించైనా కనిపిస్తుంది.

బూరుగ అప్పుడే మొదలైంది. అనంతగిరి ఘాట్‌లో ముందు రోడ్డు మీద పడ్డ ఎర్ర పువ్వు కనిపిస్తుంది, తర్వాతే తలెత్తి చెట్టు వెతుక్కోవాలి, అంత ఎత్తు. ఒక్క పువ్వు తీసుకుంటే అరచెయ్యి నిండిపోతుంది.

అన్నిటికన్నా నాకిష్టం కొండగోగురా. సింహాచలం కొండల్లో, మట్టి కూడా సరిగా లేని రాళ్ల మధ్య, వట్టి పుల్లల చివర అంతంత పసుప్పచ్చ పూలు! బంక సేకరించే గిరిజనులకి ఆ చెట్టు బాగా తెలుసు. మనూళ్లో రోజూ ఆ కొండ పక్కనుంచే వెళ్లేవాళ్లు దాన్ని చూడరు. కొండవాలు తవ్వేసిన చోటల్లా ఈ చెట్లూ పోతున్నాయి. చూస్తే కడుపు తరుక్కుపోతోంది.

ఇప్ప ఇంకా పూయలేదు. దాని పువ్వు రాత్రి విచ్చి తెల్లారేసరికి రాలిపోతుంది కాబట్టి, చీకటి ఉండగానే చెట్టు కిందకి చేరాలి. ఏజెన్సీ ఊళ్లలో ఆడవాళ్లు బుట్టలు పట్టుకుని అప్పటికే వచ్చి ఉంటారు. ఎలుగుబంట్లకీ ఆ పూలంటే ప్రాణం, అందుకే ఊరివాళ్ల తోడు లేకుండా వెళ్లకూడదు. దానికి వేరేగా మళ్లీ పిలుస్తాను.

ఇప్పుడు మాత్రం హోలీ లోపు రా. పొద్దున్నే కిరండూల్ రైలెక్కితే కొండలన్నీ కిటికీలోంచే చూడొచ్చు. తేదీ చెప్తే టికెట్లు తీస్తాను. పాపకి కూడా సెలవు పెట్టించు. రాలిన మోదుగ పూలు ఏరుకొచ్చి, మరిగించి వసంతం కలుపుదాం.

నీ
శ్రీను