అక్టోబరు 2న శాస్త్రి గారిని మరవకండి: జిల్లా విద్యాశాఖాధికారి గారికి బహిరంగ లేఖ

అయ్యా, నమస్కారం.

మా అమ్మాయి బడిలో అక్టోబరు 2న గాంధీ గారి ఫొటోకి దండ వేసి, స్వీట్లు పంచారు. 1904లో అదే తేదీన పుట్టిన లాల్ బహదూర్ శాస్త్రి పేరు ఒక్కరూ ఎత్తలేదట. నాకు చాలా బాధేసింది.

1965లో ఒకపక్క పాకిస్తాన్‌తో యుద్ధం, ఇంకోపక్క తిండిగింజల కరువు. గోధుమల కోసం అమెరికా వైపు చూడాల్సిన రోజులవి. సోమవారం రాత్రి భోజనం మానండని అప్పటి ప్రధానిగా ఆయన దేశాన్ని అడిగారు. అడిగేముందు తన ఇంట్లో పొయ్యి వెలిగించకుండా చూశారు. అందుకే జనం మాట విన్నారు. ‘జై జవాన్ జై కిసాన్’ ఆ కరువులోంచి పుట్టిన పిలుపే.

మన పిల్లలకు తప్పక చెప్పాల్సింది ఇంకోటుంది. 1956 సెప్టెంబరులో మహబూబ్‌నగర్ దగ్గర వంతెన కూలి, రైలు పడిపోయి, వందమందికి పైగా చనిపోయారు. రైల్వే మంత్రిగా ఆయన రాజీనామా ఇస్తే నెహ్రూ ఒప్పుకోలేదు. నవంబరులో తమిళనాడులోని అరియలూరు రైలు ప్రమాదం తర్వాత మళ్లీ ఇచ్చి, పదవి వదిలేశారు.

1966 జనవరి 10న అప్పటి సోవియట్ యూనియన్‌లోని తాష్కెంట్‌లో పాకిస్తాన్‌తో శాంతి ఒప్పందంపై సంతకం చేశారు. ఆ రాత్రే అక్కడే కన్నుమూశారు.

వచ్చే అక్టోబరు 2న ప్రతి బడిలో ఆయన ఫొటో కూడా పెట్టించండి. మహబూబ్‌నగర్ సంగతి ఒక పది నిమిషాలు చెప్పించండి. ఒక్క సర్క్యులర్ చాలు.

ఇట్లు,
ఒక విద్యార్థిని తండ్రి