వంశీ బడి సంగతి

కావలి,
ఆదివారం.

చి. ల. సౌ. పద్మజను అమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ అందరమూ క్షేమం. నాన్నగారి మోకాలి నొప్పి కొంత నెమ్మదించింది. బస్సులో పంపిన మాగాయ, కందిపొడి అందినట్లు అల్లుడుగారు చెప్పారు గాని, నీవు మాత్రం ఫోను చేయలేదు. పని ఒత్తిడి ఉంటుందని నాకు తెలియదా? ఏదో ఊసుపోక వ్రాస్తున్నాను.

మొన్న అల్లూరులో పెళ్ళికి వెళ్ళినప్పుడు, వంశీని మాంటిస్సోరి బడి, అదే, పిల్లలు వస్తువులతో పని చేస్తూ తమంతట తామే నేర్చుకునే బడి మాన్పించి, అక్షరాలు దిద్దించే మరొక బడిలో వేస్తున్నారని పిన్ని అన్నది. దాని మాటల్లో సగం తీసివేయవలసిందే అనుకో. అయినా వాడికి నాలుగేళ్ళు నిండి ఎన్నాళ్ళయిందని? 2020లో వచ్చిన జాతీయ విద్యావిధానం కూడా ఒకటో తరగతికి ఆరేళ్ళు నిండాలనే చెబుతున్నది. మనుమడు ఏబీసీడీలు వ్రాస్తే చూడాలని వదినగారికి ఉండడం సహజమే, ఆమెను నొప్పించకు.

వాడి మాంటిస్సోరి బడిలో చిన్న పిడులున్న కొయ్య దిమ్మెలు నేనూ చూశాను. చట్రంలో వేర్వేరు కొలతల గుంటలు పది, వాటికి సరిపోయే దిమ్మెలు పది. ఒకటి తప్పు గుంటలో పెడితే చివరకు ఒకటి ఇమడక మిగిలిపోతుంది గనుక, తప్పని టీచరు చెప్పనక్కరలేదు. ఆ పిడిని బొటనవేలితోనూ మరి రెండు వేళ్ళతోనూ పట్టుకుంటాడే, రేపు పెన్సిలు పట్టేది ఆ వేళ్ళే.

నేను అంగన్‌వాడీలో ఉన్నప్పుడు రొయ్యల గుంటల దగ్గర పనిచేసేవాళ్ళ పిల్లవాడొకడు వచ్చేవాడు, ఎప్పుడూ జారిపోయే నిక్కరు, నీకు గుర్తుండే ఉంటుంది. పాట పాడమంటే పాడడు, అ ఆలు చెప్పమంటే నోరు విప్పడు. రాగానే మూలనున్న ఖాళీ డబ్బాలన్నీ పరుచుకుని మూతలు పెడుతూ కూర్చునేవాడు. ఒకనాడు సూపర్‌వైజరమ్మ తనిఖీకి వచ్చి, పలక చేతికిచ్చి వాడిని లేపబోయింది. సరిగ్గా అప్పుడే చివరి మూత చివరి డబ్బాకు పెద్దదయింది. వాడు ఆమె వంక చూడనైనా చూడక, తల గోక్కుని, పెట్టిన మూతలన్నీ ఒక్కొక్కటే ఊడదీసి మళ్ళీ మొదలుపెట్టాడు. ఆమె కుర్చీ లాక్కుని అది ముగిసేదాకా చూస్తూ కూర్చున్నది. ఆ పూట గుడ్ల లెక్క అడగడమే మరిచిపోయింది. వాడు ఇప్పుడు పెద్ద ఇంజనీరని చెప్పబోవడం లేదు, ఎక్కడున్నాడో నాకు తెలియదు. నా దగ్గరకు వచ్చిన పిల్లల్లో ఒక పని మీద అంతసేపు నిలిచినవాడు మరొకడు లేడు, అంతే.

ఈ పద్ధతి మొదలుపెట్టిన మాంటిస్సోరి గారు 1907లో రోములో మొదటి బడి పెట్టింది కూడా కూలినాలి చేసుకునేవాళ్ళ పిల్లలకే. ఇప్పటి ఫీజులు చూస్తే ఆ సంగతి ఎవరికీ గుర్తున్నట్లు లేదు. 1939లో ఆమె మద్రాసు అడయారుకు వచ్చి, యుద్ధం మూలంగా 1946 దాకా మన దేశంలోనే ఉండి టీచర్లను తయారుచేసింది. పేరు మాత్రం మిగిలింది. ఆ బోర్డు కిందనే పిల్లలను బెంచీలకు అతికించి కాపీ వ్రాయించే బడులు మన వైపు ఎన్ని లేవు? మీ బడీ అలా మారి ఉంటే మాన్పించు, నేను అడ్డు చెప్పను. కాని ముందు ఒక పూట వెనుక కూర్చుని చూడు: మూడేళ్ళవాళ్ళూ ఐదేళ్ళవాళ్ళూ కలిసే ఉంటున్నారా, చేతిలోని పని ముగించనిస్తున్నారా, గంట కొట్టి మధ్యలోనే లాగేస్తున్నారా.

ఇంకొక మాట. ఇంట్లో అన్నం నీవే కలిపి నోట్లో పెడుతూ, గుండీలు నీవే పెడుతూ, బడిలో మాత్రం వాడంతట వాడే అన్నీ నేర్చుకోవాలంటే ఎలాగమ్మా? పొద్దున కొంచెం ముందుగా లేపితే గుండీలు వాడే పెట్టుకుంటాడు. వంకరగా పెట్టుకుంటే అలాగే పంపించు, దిద్దకు. రాత్రిళ్ళు పలక పట్టించి కూర్చోబెట్టడం మాత్రం వద్దే వద్దు, వాడికి నిద్ర చాలడం లేదని ఫోటోలోనే తెలుస్తున్నది. నీ కళ్ళూ అలాగే ఉన్నాయి.

ఈసారి పార్సిల్లో వాడికి నీళ్ళు ఒంపుకోవడానికి చిన్న చెంబు, ఒలికితే తుడుచుకోవడానికి పాత పంచె గుడ్డ పెడుతున్నాను. కొత్త బడికి ఫీజు కట్టేముందు ఒక్కసారి ఫోను చెయ్యి. కట్టేసి ఉంటే అదైనా చెప్పు, నాన్నగారికి నేను మెల్లగా చెబుతాను.

ఆశీస్సులతో,
అమ్మ