యుసాకు మోసగాడు కాదురా శీనూ

ఒరేయ్ శీనూ,

ఎలా ఉన్నావు? అమ్మకి మోకాళ్ల నొప్పి తగ్గిందా? చూడు చూడు అని నా ప్రాణం తీశావు కదా, ఆ జపాన్ సినిమా ‘వైఫ్ ఆఫ్ ఎ స్పై’ చూసేశాను. అందులో యుసాకు కట్టుకున్నదాన్ని, ఆ సతోకోను, నట్టేట ముంచాడన్నావు చూడు, అది మాత్రం నేను ఒప్పుకోను.

గూఢచారి సినిమా అంటే ఛేజింగులే అనుకునేవాణ్ణి. ఇందులో అవేవీ లేవు. 1940 నాటి కోబె రేవు, విదేశీ విస్కీ, సతోకో వేసుకునే పాశ్చాత్య గౌన్లు. ఆమె చిన్ననాటి స్నేహితుడు తైజీ సైనిక పోలీసు దుస్తుల్లో వచ్చి, ఎంతో మర్యాదగా ఆ పద్ధతులు తప్పంటాడు. అరవడు, బెదిరించడు. నాకు టెన్షన్ అక్కడే మొదలైంది. ఆ మనిషే తర్వాత యుసాకు మేనల్లుడు ఫుమియో గోళ్లు పీకించాడు!

యుసాకు మంచూరియాలో చూసి వచ్చిన ఘోరం కల్పన కాదురా. హార్బిన్ దగ్గర పింగ్‌ఫాంగ్‌లో జపాన్ సైన్యపు 731 దళం బతికున్న మనుషుల మీద ప్లేగు లాంటి రోగాలు ప్రయోగించింది. దాని అధిపతి ఇషీ షిరో. యుద్ధం ముగిశాక అమెరికా ఆ ప్రయోగాల వివరాలు తీసుకుని, అతన్ని విచారణ లేకుండా వదిలేసింది. ఆ ఘోరాల ఫిల్ము రీలు సాక్ష్యంగా చూపిస్తే అమెరికా కదిలివస్తుందని కదా యుసాకు ఆశ! ఇది తెలిసి సినిమా చూస్తుంటే కడుపు తరుక్కుపోయింది.

సతోకో మాత్రం న్యాయం కోసం ఇందులోకి దిగలేదు. ఆయన పక్కన ఉండాలి, అంతే. ఫుమియోను తైజీకి పట్టించి బలిచ్చిందీ అందుకే. భర్త రహస్యంలో తనకూ వాటా దొరికాక ఆమె ముఖం ఎలా వెలిగిపోయిందో చూశావా? ఆ పాత్ర వేసిన యూ అవోయ్ ఆ సంబరం చూపిస్తుంటే నాకు భయమేసింది.

ఇక ఓడ సంగతి. ఆ సాక్ష్యపు రీలుతో అమెరికా పారిపోవాలని పెట్టెలో దాక్కున్న ఆమెను పట్టించింది యుసాకే, అందులో నీ మాటే నా మాట. కానీ రీలు మార్చి పెట్టాడు కదా! తెర మీద పడింది ఇంట్లో సరదాగా తీసుకున్న సినిమా, ముసుగేసుకుని తిజోరీ తెరుస్తున్న సతోకో. అసలు రీలే ఆమె దగ్గర దొరికుంటే? 1941లో టోక్యోలో పట్టుబడిన సోవియట్ గూఢచారి రిచర్డ్ జోర్గెనీ, జపాన్ పాత్రికేయుడు ఒజాకి హొత్సుమినీ 1944లో ఉరితీశారు. యుసాకు ఆమెకు ఉరి తప్పించాడురా. “భేష్!” అని అరిచి కూలిపోయినప్పుడు ఆమెకు అది అర్థమైందనే నా నమ్మకం. ఆమెను ఒక్క మాట అడగకుండా చేశాడు, అక్కడ నీ కోపం న్యాయమే.

అన్నట్టు, ఈ సినిమా దర్శకుడు కియోషి కురొసావా, ఆ పాతకాలపు గొప్ప దర్శకుడు అకిరా కురొసావాకు బంధువు కాడు, మీ తమ్ముడికి చెప్పు. ఈయన పుట్టింది కోబెలోనే. ఈ సినిమాకే 2020లో వెనిస్‌లో ఉత్తమ దర్శకుడిగా సిల్వర్ లయన్ ఇచ్చారు.

ఆఖర్న తెర మీద వచ్చే అక్షరాలు మళ్లీ ఒకసారి చదువు. యుసాకు మరణ పత్రం నకిలీ కావచ్చంటారు, కొన్నేళ్లకు సతోకో అమెరికా వెళ్లిందంటారు. మోసపోయాననుకున్న ఆడది సముద్రం దాటి అక్కడికే ఎందుకు పోతుంది? దీనికి జవాబు రాయి. ఫోన్ చేసి తేల్చేస్తే ఊరుకోను.

నీ
మూర్తి